నీటిగీత దగ్గర రెండు చీటీలు

వెయ్యి తొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూన్ పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం పదిన్నర గంటలకు, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా జేబులో రెండు కలాలతో, చంకలో సర్టిఫికెట్ల ఫైలుతో, ఇరవై నాలుగేళ్ళ యువకుడొకరు మన జలాశయ కార్యాలయంలో నీటిమట్టం నమోదు చేసే ఉద్యోగంలో చేరారు. కార్యాలయంలోకి రావడానికి ఆయన ఎక్కిన మెట్లు ఆరు. ఆ మధ్యాహ్నమే ఉద్యోగం చేయడానికి దిగిన మెట్లు ఎనభై నాలుగు.

ఆ ఎనభై నాలుగు మెట్లు ఆనకట్ట లోపలి గోడను ఆనుకొని నీటిలోకి దిగుతాయి. వాటి పక్కనే పై నుంచి కింది దాకా అంగుళానికొక నలుపు, అంగుళానికొక తెలుపు చారలతో, అడుగు అడుగుకూ అంకెలతో ఒక పలక ఉంటుంది. మన వాళ్ళ మాటలో అదే గేజి. నీరు ఆ పలకను ఏ చార దగ్గర కోస్తోందో వంగి చూడడం, చూసిన అంకెను రిజిస్టరులో రాయడం, పై అధికారికి చెప్పడం, ఇదీ ఆ కొలువు. జలాశయం నిండుగా ఉంటే ఇరవై మెట్లు దిగితే చాలు. ఎండిపోతే ఎనభై నాలుగూ దిగాలి, మళ్ళీ ఎక్కాలి. అందుకే ఆయన వేసవిలో చిక్కిపోయేవారనీ, వానలు పడ్డాక ఒళ్ళు చేసేవారనీ, జలాశయం ఎంత నిండిందో తనకు ఆయన బెల్టు రంధ్రాన్ని బట్టి తెలిసిపోయేదనీ శ్రీమతి గారు అంటారు.

ముప్పై ఆరేళ్ళ సేవ ముగించుకొని, ఈ జూన్ ముప్పైవ తేదీన, అదీ సోమవారం నాడే, పదవీ విరమణ చేయనున్న ఆ మహనీయులను కార్యాలయంలో అసలు పేరుతో పిలిచేవారు లేరు. పై అధికారుల నుంచి తోటమాలి దాకా అందరికీ ఆయన ‘అంగుళం గారు’. క్వార్టర్లలోని పిల్లలకు ‘అంగుళం మావయ్య’. ఆ బిరుదు ఎలా వచ్చిందో చెప్పే ముందు, అంగుళం అంటే మన దగ్గర ఎంతో చెప్పాలి. ఈ సంచిక చదివే కుటుంబ సభ్యులు చాలామంది ఆనకట్ట మీద సాయంత్రం నడకకు వెళ్ళేవారే కానీ, ఆ మెట్లు దిగినవారు తక్కువ.

గ్లాసులో అంగుళం నీరు ఒక గుక్క. మన జలాశయంలో అంగుళం నీరు దిగువ పట్టణం వారం రోజులు తాగే నీరు. ఎగువ నుంచి ప్రవాహం పెరిగినప్పుడు నీటిమట్టం నూట నలభై మూడు అడుగులకు చేరగానే రెండు గేట్లు కొద్దిగా ఎత్తితే, నది ఒడ్డుల మధ్యనే బుద్ధిగా పోతుంది. ఆ గీత దాటాక కూడా చూస్తూ కూర్చుంటే, ఆ తరువాత ఏడు గేట్లూ ఒక్కసారిగా ఎత్తవలసి వస్తుంది. అప్పుడు మొదట దిగువనున్న పల్లపు వంతెన మునుగుతుంది. ఆవలి ఒడ్డు వారికి బడికీ, ఆసుపత్రికీ అదొక్కటే దారి. ఆ తరువాత రేవు వీధిలోని తొంభై ఇళ్ళలోకి నీరు వస్తుంది. తొందరపడి అనవసరంగా ఎత్తితే వేసవిలో పట్టణం దాహంతో అలమటిస్తుంది. ఇటు తొందర, అటు ఆలస్యం. ఈ రెంటి మధ్య ఉన్నది గేజి దగ్గర వంగిన మనిషి కన్ను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏట, పందొమ్మిది వందల తొంభై ఒకటిలో, ఆ కన్ను ఒక రోజు మెట్లు దిగలేదు. మార్చి నెలలో అకాల వర్షం. గంటకొక అంగుళం చొప్పున నీరు పెరుగుతోంది. మెట్లు పాచిపట్టి జారుతున్నాయి. రెండుసార్లు దిగి తడిసి వచ్చిన ఆయన మూడోసారీ నాలుగోసారీ దిగకుండా, పాత అంకెకు అంగుళం, మళ్ళీ అంగుళం కలిపి రాసేశారు. నిజానికి అప్పటికే నీరు పెరగడం ఆగిపోయింది. ఆ అంకెను నమ్మి పై వారు గేట్లు ఎత్తించారు. పల్లపు వంతెన మునిగింది. ఆవలి ఒడ్డున నలభై మంది పిల్లలు ఏడాది పరీక్షకు రాలేకపోయారు.

ఎవరూ ఆయనను అడగలేదు. వాన వచ్చింది, వంతెన మునిగింది అనుకున్నారు. మూడో రోజున ఆయనే బడికి వెళ్ళి ప్రధానోపాధ్యాయురాలి ఎదుట నిలబడ్డారు.

“మేడమ్, తప్పు వానది కాదండి. నేను మెట్లు దిగలేదు.”

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూశారు. “దిగకుండా అంకె ఎలా రాశావు నాయనా?”

“అంతకుముందు గంటకో అంగుళం పెరిగిందండి. అదే లెక్కన కలిపేశాను.”

“మా పిల్లలూ అంతే. పై లెక్కకు జవాబు చూసి కింది లెక్కకు రాసేస్తారు. వాళ్ళకైతే సున్నా వేస్తాను. నీకేం వెయ్యను?”

ఆవిడే నెల తరువాత ఆ నలభై మందికీ మళ్ళీ పెట్టే పరీక్షకు హాలులో కాపలా కూర్చోమన్నారు. ఆయన సెలవు పెట్టి మూడు రోజులూ కూర్చున్నారు. పక్కవాడి కాగితంలోకి తొంగిచూసే ఒక్కో పిల్లవాణ్ణీ చూసినప్పుడల్లా తనకు చెవులు వేడెక్కేవని ఆయనే నవ్వుతూ చెప్పేవారు.

ఆ మూడు రోజుల కాపలాలో ఆయనకు తట్టినదే నేటికీ మన కార్యాలయంలో నడుస్తున్న రెండు చీటీల పద్ధతి. గేజి దగ్గరకు ఇద్దరు వెళ్ళాలి. ఒకరు చూసి, చూసిన అంకెను చీటీ మీద రాసి మడవాలి. రెండోవారు అంకె అడగకుండా, తామూ వంగి చూసి, తమ చీటీ రాసుకోవాలి. పైకి వచ్చాక రెండు చీటీలూ ఒకేసారి విప్పాలి. తేడా ఉంటే ఇద్దరూ మళ్ళీ దిగాలి. విప్పిన చీటీలు రెండూ పక్కపక్కనే రిజిస్టరులో అతికించాలి. మొదట్లో ఇది చాదస్తమన్నారు. తరువాత పద్ధతి అన్నారు. ఇప్పుడు నియమం అంటున్నారు.

పందొమ్మిది వందల తొంభై మూడులో ఆయన గృహస్థులయ్యారు. తొంభై నాలుగులో, ఇప్పటికీ మనతో ఉన్న గేట్ల మిస్త్రీ కొలువులో చేరి, ఆయనకు శిష్యుడూ, ఆయనను ఆటపట్టించే ఏకైక ధైర్యవంతుడూ అయ్యారు. బిరుదు ఇచ్చిందీ ఆయనే. ఆనాటి పెద్ద ఇంజినీరు గారు ఒక సాయంత్రం ఫోనులో మట్టం అడిగారు.

“నూట నలభై ఒక్క అడుగుల ఏడున్నర అంగుళాలు సార్.”

“ఆ అర ఎందుకయ్యా, ఎనిమిది అనుకుందాం.”

“మనం అనుకోవచ్చు సార్. నీళ్ళు మాత్రం ఇంకా అనుకోలేదు.”

పక్కన టీ తాగుతున్న మిస్త్రీకి పొలమారింది. మర్నాటి నుంచి ఆయన అంగుళం గారు.

ఇంట్లో కూడా పద్ధతి అదే. పుట్టినరోజు నాడు కూతురి ఎత్తు కొలిచి వంటగది తలుపు చెక్క మీద గీత పెట్టేటప్పుడు, ఆయనొక చీటీ, శ్రీమతి గారొక చీటీ రాసేవారు. ప్రతి ఏడూ అర అంగుళం తేడా వచ్చేది. “జుట్టు కలిపి కొలుస్తున్నావు నువ్వు” అని ఆయన, “మీరు పిల్ల నెత్తిన స్కేలు నొక్కుతున్నారు” అని ఆవిడ వాదించుకొని, ముచ్చటగా మూడోసారి కొలిచి, గీత పెట్టేవారు. ఆ తలుపుకు ఎన్నో రంగులు వచ్చి పోయాయి కానీ, ఆ చెక్క ఒక్కదానికి మాత్రం రంగు వేయనివ్వలేదు.

రెండు వేల తొమ్మిదిలో కరువు వచ్చింది. ఎనభై నాలుగో మెట్టు కింద కూడా బురద కనిపించిన ఏడాది అది. కాలువ కింది రైతులు పట్టణానికే నీళ్ళన్నీ పోతున్నాయని, పట్టణంలోని వారు రైతులే దొంగతనంగా తూములు ఎత్తుతున్నారని, ఇద్దరూ కలిసి కార్యాలయం ఎదుట గుమిగూడేవారు. అప్పటికి గేట్ల విభాగానికి మారిన అంగుళం గారు ఒక మూల పడి ఉన్న నల్లబల్లను కడిగించి, గేటు బయట వేలాడదీయించారు. ప్రతి ఉదయం ఆరింటికి నీటిమట్టం, ఎవరికి ఎంత వదిలారు, ఇంకా ఎన్ని రోజులకు సరిపోతుంది, మూడు వరుసల్లో సుద్దముక్కతో స్వయంగా రాసేవారు. అనుమానం ఉన్నవారు తనతో మెట్లు దిగి చూసుకోవచ్చని నాలుగో వరుస. మొదటి వారంలో పాతిక మంది దిగారు. రెండో వారంలో ముగ్గురు. ఎనభై నాలుగు మెట్లు ఎక్కేసరికి కోపం ఆవిరైపోయేదని మిస్త్రీ వ్యాఖ్య. కరువు తీరి తొలి వాన చినుకు పడేదాకా పట్టణంలో ఒక్క రోజు కూడా నీరు ఆగలేదు, గేటు దగ్గర ఒక్క రాయి కూడా పడలేదు.

రెండు వేల పదహారులో వారు కంట్రోలు రూము పర్యవేక్షకులుగా పదోన్నతి పొందారు. కుర్చీలో కూర్చుని ఇతరులను మెట్లు దింపే హోదా అది. అయినా ఉదయం ఆరు గంటల చీటీ తనదే అన్నారు. మట్టం దానంతట అదే చూపించే విద్యుత్ యంత్రం వచ్చాక దానికీ ఒక చీటీ రాయించారు కానీ, తన చీటీ మానలేదు.

ఇక చెప్పవలసినది గత ఏడాది జూలై మాసపు సంగతి. అభినందన వ్యాసంలో ఇటువంటిది రాయవచ్చునా అని సంకోచం కలిగి, ముందుగా వారినే అడగడం జరిగింది. “అది లేకపోతే మిగతాది రాయకండి” అన్నారు.

నిరుటి జూన్‌లో పిడుగు పడి విద్యుత్ యంత్రం పాడైంది. మరమ్మతుకు పంపారు. వరద లేని రోజులు కనుక రోజుకొక్కసారి, ఉదయం ఆరింటికి, గేజి చూసేవారు. చూసే ఇద్దరిలో ఒకరు అంగుళం గారు. రెండోవారు ఉద్యోగంలో చేరి ఆరు నెలలైనా నిండని సహాయ ఇంజినీరు. వయసులో ఆయన కూతురి కన్నా చిన్న. మిస్త్రీ ఆమెను ‘చిన్నమ్మగారు’ అంటారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో శ్రీమతి గారు ఒక విశేషం గమనించారు. ముప్పై ఏళ్ళుగా గ్లాసు అంచుకు ఒక వేలు తక్కువగా నీళ్ళు పోసి, బల్ల మీద చుక్క పడనివ్వని మనిషి, అంచు దాటి పోస్తున్నారు. ఒకసారి కాదు, వరసగా నాలుగు రోజులు.

“ఏవండీ, ఒకసారి కళ్ళు చూపించుకోండి.”

“వెలుతురు తక్కువగా ఉంది, అంతే.”

“కిటికీ పక్కన కూర్చుని వెలుతురు తక్కువంటారేమిటి? లోకంలో కొలతలన్నీ మీకు కావాలి, మీ కంటి కొలత ఒక్కటి తప్ప.”

“వానలు తగ్గనీ, చూపించుకుంటాను.”

మన వైపు వానలు మొదలే కాలేదు, ఎగువ వానలకే జలాశయం మెల్లగా నిండుతోంది. ఆవిడ రెండుసార్లు కంటి డాక్టరు దగ్గర సమయం తీసుకున్నారు. రెండుసార్లూ ఆయన మరిచిపోయారు. మూడోసారి ఆవిడ నోటితో చెప్పడం మానేసి, ‘బుధవారం, పదకొండు గంటలు, కంటి డాక్టరు’ అని చిన్న కాగితం మీద రాసి, మడిచి, చొక్కా జేబులో పెట్టారు. చీటీ అయితే చదువుతారని.

ఆ బుధవారం జూలై పదిహేడు. ఉదయం ఆరింటికి విప్పిన రెండు చీటీల్లోనూ నూట నలభై రెండు అడుగుల తొమ్మిది అంగుళాలు. తొమ్మిదిన్నరకు ఎగువ కేంద్రం నుంచి ఫోను వచ్చింది. కొండల్లో భారీ వర్షం, మధ్యాహ్నానికి పెద్ద ప్రవాహం వస్తోంది. గీతకు ఇంకా మూడంగుళాలు ఉంది కనుక తొందరలేదని అంగుళం గారు అనుకొని, రోజుకెంత పెరుగుతూ వచ్చిందో చూద్దామని రిజిస్టరు వెనక్కి తిప్పారు.

ఒక పేజీ తిప్పారు. ఇంకొకటి తిప్పారు. మళ్ళీ మొదటికి వచ్చారు. వేలు పెట్టి రెండు వరుసల చీటీలనూ కిందికి చూసుకుంటూ పోయారు. గది అవతలి మూల ఫోను దగ్గరున్న మిస్త్రీకి ఆయన వేలు మాత్రమే కనిపించింది. అది మధ్యలో ఆగిపోయింది.

రెండు చీటీల పద్ధతి మొదలైన నాటి నుంచి, ఎవరు చూసినా, నాలుగు రోజులకొకసారైనా అర అంగుళం తేడా రావడం మామూలు. గాలికి అల వస్తుంది, ఒకరు అల దిగినప్పుడు చూస్తారు, ఇంకొకరు లేచినప్పుడు. కానీ ఈ పేజీల్లో ఇరవై మూడు రోజులుగా ఒక్క తేడా లేదు. అర అంగుళం కూడా లేదు.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “ఇలా రామ్మా” అని పిలిచారు. “నీ చీటీలేవి?”

“రిజిస్టరులో అతికించాను కదా సార్.”

“ఇవి కావు. నువ్వు మొదట రాసినవి.”

ఆమె ముఖం పాలిపోయింది. మిస్త్రీ ఫోను పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. ఆమె తన బల్ల దగ్గరకు వెళ్ళి, టిఫిను సంచి అడుగు నుంచి ఒక కవరు తీసి తెచ్చి, ఆయన ముందు పెట్టారు. అందులో ఇరవై మూడు చీటీలు. తేదీ వారీగా, ఒక పిన్నుతో గుచ్చి.

మొదటి రోజున అర అంగుళం తేడా. నాలుగో రోజు నుంచి అంగుళం. ఆ పై వారం రెండు. ఆ ఉదయం మూడు. ప్రతి రోజూ ఆమె అంకే ఎక్కువ. ఆ ఉదయపు చీటీలో నూట నలభై మూడు అడుగులు, సరిగ్గా.

“మొదటి రోజు తేడా వస్తే ఇంకోసారి చూడమన్నారు సార్. చూశాను. నాకు అదే కనిపించింది. కానీ మీరు…” ఆమె ఆగిపోయారు. “ఆ రోజు నుంచీ మీరు రాస్తుంటే పక్క నుంచి చూసి, అదే అంకెతో ఇంకో చీటీ రాసేశాను. మీ అంకెను కాదనడానికి నోరు రాలేదు సార్.”

“నోరు రాదనే కదమ్మా, చీటీ పెట్టింది.”

ఆయన గొంతు పెంచలేదు. అందుకే ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు మిస్త్రీ ముందుకు వచ్చారు. “ఆ అమ్మాయినేమీ అనకండి గురువు గారూ. ఉద్యోగం కొత్త, అంగుళం గారి అంగుళానికి ఎదురు రాయకు అని నేనే చెప్పాను. వేళాకోళానికి అన్నాను. ఆవిడ నిజమనుకుంది.”

“వేళాకోళం కాదయ్యా. నువ్వూ నిజమనే అనుకున్నావు” అన్నారు ఆయన. “నేనూ అనుకున్నాను. పదండి, దిగుదాం.”

కలం కోసం జేబులో చెయ్యి పెడితే మడత కాగితం ఒకటి తగిలింది. విప్పి, దూరంగా పట్టుకొని, దగ్గరగా పట్టుకొని చదివారు. మళ్ళీ మడిచి అదే జేబులో పెట్టుకున్నారు.

ముగ్గురూ మెట్లు దిగారు. మోకాళ్ళ నొప్పి వచ్చిన దగ్గర నుంచి అంగుళం గారు చివరి మెట్టు దాకా వెళ్ళకుండా రెండు మెట్లు పైనే నిలబడి చూస్తున్నారు. ఆ రోజూ అలాగే మొదట పై నుంచి చూశారు. నూట నలభై రెండు అడుగుల పది అంగుళాలు కనిపించింది. వరద ఇంకా బురదను మోసుకు రాలేదు, నీరు తేటగా ఉంది. ఆ తేటనీటి అడుగున మునిగి ఉన్న చారలకూ, పైన ఉన్న చారలకూ మధ్య నీటిగీత ఆయన కంటికి ఆనడం లేదు. మునిగిన చారలను కూడా పైవాటితో కలిపి లెక్కిస్తున్నారు.

ఆయన చెప్పులు విప్పారు. మిస్త్రీ భుజం పట్టుకొని చివరి మెట్టు మీద మోకాళ్ళు వంచి కూర్చున్నారు. కళ్ళు మూసుకొని, పలక మీద చెయ్యి కిందికి జార్చి, వేలికొనకు నీరు తగిలిన చోట బొటనవేలు ఆనించి పట్టుకున్నారు. “ఇప్పుడు చదవండి. ఇద్దరూ చదవండి. పైకి అనకండి, రాయండి.”

ఇద్దరూ రాశారు. అక్కడే విప్పారు. నూట నలభై మూడు అడుగుల ఒక అంగుళం. రెండింటిలోనూ అదే. గీత దాటిపోయింది. రేవు వీధిలో ఆ సమయానికి ఆరవేసిన బట్టలు ఆరుతున్నాయి. ఆవలి ఒడ్డు పిల్లలు ఇవతలి బడిలో ఉన్నారు.

పది గంటల అయిదు నిమిషాలకు ఆయన పెద్ద ఇంజినీరు గారికి ఫోను చేశారు.

“నూట నలభై మూడు అడుగుల ఒక అంగుళం సార్. రెండు గేట్లు అడుగు చొప్పున ఇప్పుడే ఎత్తాలి.”

“ఉదయం నూట నలభై రెండు తొమ్మిది అన్నారు కదా. నాలుగు గంటల్లో నాలుగంగుళాలు పెరిగిందా?”

“పెరిగింది ఒక్కటే సార్. మిగతా మూడూ నా కంటివి.”

“మీ కన్ను తప్పంటే నమ్మమంటారా?”

“ముప్పై అయిదేళ్ళు నా మాట నమ్మారు కదా సార్, ఇదీ నమ్మండి. చిన్నమ్మగారి అంకె సరైనది. ఇరవై మూడు రోజులుగా అదే సరైనది.”

అనుమతి వచ్చింది. సైరను మూడుసార్లు మోగింది. నియమంలో లేకపోయినా, గేటు ఎత్తే ముందు పల్లపు వంతెన దగ్గరి టీ దుకాణం వారికి ఫోను చేయడం అంగుళం గారి అలవాటు. ఆ రోజు ఇంకొక ఫోను కూడా చేశారు, బడికి. ఒంటిగంటకు బడి వదిలారు. ఆవలి ఒడ్డు పిల్లలు తడవని చెప్పులతో వంతెన దాటారు. ప్రవాహం పెరిగిన కొద్దీ ఒక్కో గేటూ ఎత్తుతూ పోయారు. సాయంత్రం అయిదున్నరకు వంతెన మునిగింది. ఆరున్నరకు టీ దుకాణం ఆయన ఫోను చేశారు. “సార్, రేవు వీధిలో మొదటి ఇంటి కింది మెట్టు తడిసింది. అక్కడే ఆగింది. పిల్లలు మెట్టు మీద కూర్చుని కాళ్ళాడిస్తున్నారు.” అంగుళం గారు అప్పుడు కూర్చున్నారు. ఆ రోజంతా ఆయన కూర్చోవడం ఎవరూ చూడలేదు.

ఉదయం అంకెను నమ్మి మధ్యాహ్నం దాకా ఆగి ఉంటే ఆ సాయంత్రం ఏడు గేట్లూ ఒక్కసారి ఎత్తవలసి వచ్చేదని తరువాత వేసిన లెక్కల్లో తేలింది. ఆ లెక్క వేసినవారూ, నివేదిక రాసినవారూ ఆయనే. నివేదికలో రెండో వాక్యం ఇలా ఉంది: ‘గత ఇరవై మూడు దినములుగా నమోదైన తప్పు కొలతలకు పూర్తి బాధ్యత నాది; సరైన కొలతలు సహాయ ఇంజినీరు వద్ద భద్రముగా ఉన్నవి.’ ఆ వాక్యం తీసేద్దామని పెద్ద ఇంజినీరు గారు అన్నారు. అంగుళం గారు ఒప్పుకోలేదు. ఇరవై మూడు చీటీలనూ రిజిస్టరులో పాత వాటి పక్కన మూడో వరుసగా అతికించారు. అవి ఇప్పటికీ ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.

మర్నాడు ఆయన, ఎవరూ చెప్పకుండానే, కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళారు. “ఏమిటి ఇబ్బంది?” అని డాక్టరు అడిగితే, “మూడంగుళాలు తక్కువ చూపిస్తోందండి” అన్నారట. “ఎన్నాళ్ళుగా?” “ఇరవై నాలుగు రోజులుగా.” డాక్టరు పక్కనున్న శ్రీమతి గారి వైపు చూశారు. “ఆయన అంతేనండి, మీరు కానివ్వండి” అన్నారు ఆవిడ.

శుక్లం తీశారు. నెలన్నర పాటు నల్లద్దాలతో ఇంట్లో ఉన్నారు. ఆ నెలన్నరా వానాకాలపు చీటీలు చిన్నమ్మగారూ, మిస్త్రీ రాశారు. మిస్త్రీ రోజూ సాయంత్రం వెళ్ళి మట్టం చెప్పి వచ్చేవారు. రెండుసార్లు కావాలని తప్పు చెప్పి చూశారట. రెండుసార్లూ దొరికిపోయారు.

ఈలోగా చిన్నమ్మగారు ఒక చెక్కపెట్టె చేయించారు. పైన సన్నని చీలిక, ముందు తాళం. చీటీలు ఇప్పుడు అందులో పడతాయి. విప్పేది గేజి చూడని మూడో మనిషి. ఎవరి చీటీ ఏదో ఆ మనిషికి తెలియదు. ముప్పై మూడేళ్ళుగా నడిచిన పద్ధతిలో ఇంత చిన్న తాళం లేకపోవడం తనకు తట్టలేదని, తనను ఎవరైనా కాదనగలరా అని తాను ఎన్నడూ ఆలోచించకపోవడమే అందుకు కారణమని, సెప్టెంబరులో తిరిగి విధులకు వచ్చిన రోజున ఆ పెట్టెను చేత్తో తడుముతూ అంగుళం గారు అన్నారు.

ఆ మొదటి ఉదయమే మిస్త్రీ తాళం తీసి చీటీలు విప్పారు. “అర అంగుళం తేడా ఉంది గురువు గారూ.”

“హమ్మయ్య” అన్నారు ఆయన. అందరూ ఆయన ముఖం వైపు చూశారు. తేడా వస్తే అంత సంతోషించిన మనిషిని అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు.

మళ్ళీ దిగారు. ఈసారి చివరి మెట్టు దాకా. పైకి వస్తూ ఆయన అన్నారు, “ఇవాళ తప్పు నీదమ్మా.”

“అవును సార్” అని ఆమె నవ్వారు. “రేపు చూద్దాం.”

ఆ ‘రేపు చూద్దాం’ అన్న మాట వినడానికే తాను ఇన్నాళ్ళు ఉద్యోగం చేశాననిపించిందని ఆయన ఇంటికి వెళ్ళి శ్రీమతి గారితో చెప్పారు. ఆవిడ మనకు చెప్పారు. ఈ జూన్ ముప్పై ఉదయం ఆరింటికి ఆయన ఆఖరి చీటీ పెట్టెలో పడుతుంది. జూలై ఒకటి ఉదయం ఆరింటికి ఆ చీటీ చిన్నమ్మగారిది. రెండో చీటీ రాయడానికి మొన్ననే ఒక కొత్త సహాయకుడు చేరారు. ఆ కొత్తవారికి చిన్నమ్మగారు చెప్పిన మొదటి మాట, “నాతో తేడా వస్తే భయపడకండి. రాకపోతే భయపడండి.”

విరామ జీవితంలో ఏం చేస్తారని అడిగితే అంగుళం గారి వద్ద జవాబు సిద్ధంగా ఉంది. కూతురికి నిరుడు పాప పుట్టింది. క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు వంటగది తలుపు చెక్కను ఊడదీసి తీసుకువెళ్ళడానికి కార్యాలయాన్ని రాతపూర్వకంగా అనుమతి కోరారు. బదులుగా కొత్త చెక్క తానే పెట్టిస్తానని దరఖాస్తులో రాశారు. అనుమతి మంజూరైంది. ఆ చెక్క మీద కూతురి గీతల పక్కన ఇంకా బోలెడంత చోటు ఉంది.

కనుక మన కార్యాలయ కుటుంబాలన్నింటి పక్షాన మనసారా కోరుకునేది ఇదే. ఆయన మోకాళ్ళు నొప్పి మరిచిపోవాలి, ఆయన కన్ను తేటగా ఉండాలి, శ్రీమతి గారి గ్లాసులు అంచుకు వేలెడు తక్కువగానే నిండాలి. ఏడాదికొకసారి ఆ చెక్క ముందు పాపను నిలబెట్టి, ఆయనొక చీటీ, ఆవిడొక చీటీ రాయాలి. అర అంగుళం తేడా రావాలి. జుట్టు గురించీ, స్కేలు గురించీ తీరిగ్గా వాదించుకోవాలి. ఆ మనవరాలి గీత పైకి పైకి పెరిగి, ఒకనాటికి తాతగారి తలను దాటాలి. ఆ గీతను కూడా, వంగి కాక తలెత్తి, ఆయనే తన కంటితో చదవాలి.